టారీ ఉన్నాను

మా అత్త దయమ్మ నన్ను చూసిన మొదటి వారంలోనే తేల్చేసింది, "టెక్కలి గుంటకి నోరెక్కువ, గుండె తక్కువ" అని. నోటి సంగతి నేనొప్పుకోను. గుండె సంగతి మాత్రం నిజం. టెక్కలిలో బస్సుల కాంప్లెక్సు వెనక వీధిలో పుట్టి పెరిగినదాన్ని. హారన్ల మోత లేకపోతే నాకు నిద్ర పట్టదు. అలాంటిదాన్ని తెచ్చి, సోంపేట దాటాక, ఇంటి వెనక కొబ్బరి, కొబ్బరి వెనక జీడి, జీడి వెనక సరుగుడు, ఆ వెనక సముద్రం తప్ప ఇంకేమీ లేని పేటలో పడేశారు. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు మా ఆయన ప్రదీప్ కుమార్ "మా ఊరు పచ్చగా ఉంతాది" అని మురిసిపోతూ చెప్పాడు. ఆ పచ్చదనంలో ఎలుగుబంట్లు ఉంటాయన్న సంగతి మాత్రం మింగేశాడు.

ఉన్నాయి మరి. జీడిపండు ముగ్గే కాలం వచ్చిందంటే ఆ వాసనకు తోటల్లోకి దిగుతాయి. ఎండవేళ మొగలి పొదల్లో పడుకుని, ఎండ ఎక్కకముందూ, పొద్దు వాలాకా తిరుగుతాయి. మా వీధి చివర బైరాగి మావకు ఎడమ చెంప లేదు. ముఖానికి తువ్వాలు చుట్టుకుని తిరుగుతాడు. మంచి మనిషి. కనబడితే చాలు, "ఏటమ్మా, టెక్కలీ, బాగున్నావా" అని పలకరిస్తాడు. ఆ తువ్వాలు గాలికి జారిన రోజు నాకు అన్నం దిగదు.

అందుకని మా పేటలో ఆడవాళ్లు పిక్కలు ఏరడానికి వెళ్లినప్పుడు ఒక పద్ధతి పాటిస్తారు. జీడిగింజల్ని ఇక్కడ పిక్కలంటారు. రాలిన పండు నుంచి పిక్కను మెలిపెట్టి తీసి సంచిలో వేసుకుంటూ పోవాలి, వంచిన నడుం ఎత్తకుండా. వంగిన మనిషికి ముందు ఏముందో తెలియదు. పైగా జీడికొమ్మలు నేలదాకా వాలి ఉంటాయి, నాలుగు చెట్లు దాటితే ఎటు వచ్చామో ఎటు పోతున్నామో తెలియదు. అందుకే ఒక మనిషి తోట మొదట్లో, కంచెకున్న గండి దగ్గర నిలబడి ఆపకుండా పాడుతూ ఉండాలి. ఆ గొంతును పట్టుకునే లోపలున్నవాళ్లు బయటికి వస్తారు. అలా నిలబడడాన్ని టారీ ఉండడం అంటారు.

అది ఇంగ్లీషు మాట. అదెలా వచ్చిందో మా అత్త చెప్పని రోజు ఉండదు. వెనకటికి మిషను దొరసాని ఒకామె ఇక్కడ మందులిస్తూ ఉండేదట. ఒక వానాకాలం సాయంత్రం తోటకు అవతలున్న ఇంట్లో కాన్పు కష్టమైంది. దొరసాని మా అత్తకు అమ్మమ్మను వెంటబెట్టుకుని వచ్చి, గండి దగ్గర నిలబెట్టి, మణికట్టు పట్టుకుని, "టారీ" అని ఒక్క మాట అని లోపలికి వెళ్లిపోయిందట. అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. కానీ దొరసాని చేయి వణకడం తెలిసింది. ఈ మనిషికి భయంగా ఉంది, నన్ను ఇక్కడే ఉండమంటోంది అని అర్థం చేసుకుంది. ఆమె తిరిగొచ్చేదాకా వానలో తడుస్తూ, తెలిసిన పాటలన్నీ పాడుతూ నిలబడిందట. సిలువకు ముందు రాత్రి తోటలో యేసు ప్రభువు తన శిష్యులను తోడుండమని అడిగినప్పుడు ఇంగ్లీషు బైబిల్లో ఉన్నదీ ఈ మాటేనని, ఆయన శిష్యులు నిద్రపోయారు గానీ మా అమ్మమ్మ నిద్రపోలేదని అత్త గొప్పగా చెప్పుకుంటుంది.

నేను ఊరుకుంటానా? ఫోనులో నిఘంటువు తీసి చూశాను. జాగు చేయుట, ఆలస్యం చేయుట, ఇప్పుడు వాడుకలో లేని పాత మాట అని ఉంది.

"అత్తా, లేటు సెయ్యడం అని దీనర్థమంట. ఇంగ్లీషోల్లే ఈ మాట మానేసినారంట" అన్నాను.

"ఆల్లు మానేత్తే మనకేటి? ఆల్లకి ఎలుగులు నేవు" అంది.

ఆ మాట విషయంలో ఆమెకు చాలా పట్టింపులు. భయం ఉన్నచోట తప్ప అనకూడదు. ఒకసారి ప్రదీప్ ఆటో స్టాండు నుంచి ఫోను చేసి "కూసింతసేపు టారీ ఉండమ్మా, వచ్చెత్తన్నాను" అన్నందుకు ఆ పూట కొడుక్కి కూరలో ముక్క పడలేదు. ఎవరైనా టారీ ఉండమని అడిగితే కాదనకూడదు. "టారీ ఉన్నాను" అని నోటితో అన్నాక, వెళ్లిన మనిషి తిరిగొచ్చి కంటబడేదాకా కాలు కదపకూడదు. గొంతు ఆపకూడదు. గొంతు ఆగిందంటే ఆ మనిషికి ఏదో అయిందని లెక్క, లోపలున్నవాళ్లు సంచులు పారేసి గండికి పరుగెత్తాలి. గొంతు నొప్పి పుడితే ఇంకొకరు వచ్చి, నోరారా ఆ మాట అని, పాట అందుకున్నాకే మొదటి మనిషి నోరు మూయాలి. ఆ మాట అని కదిలినవాళ్లు మా పేటలో ఇంతవరకు లేరని అత్త అంటుంది. పేటలో ఎవరూ కాదనరు కూడా.

నాగమణి విషయంలో మాత్రం నాకు ఒళ్లు మండింది. నాగమణిది ఒడ్డున ఉన్న పల్లె. మొగుడు ఢిల్లీబాబు సముద్రం మీద వేటకు వెళ్తాడు, ఆమె రోజూ చేపల తట్టతో మా పేటకు వస్తుంది. నా ఈడుదే, వదినా అంటే వదినా అని పిలుచుకుంటాం. ఈ ఊళ్లో నేను కడుపారా నవ్వేది ఆమెతోనే. కిందటేడు ఒకరోజు మా అరుగు మీద తట్ట దింపి నీళ్లు తాగుతుంటే పిల్లి వచ్చింది. నేను కర్ర కోసం లోపలికి వెళ్లబోతే, నాగమణి నవ్వుతూ, "ఎల్లు వదినా, నాను టారీ ఉంతాను" అంది. మా అత్త చేట కింద పెట్టి లేచింది.

"ఆ మాట ఆటకి కాదు. మీది కాదు. ఇంకెప్పుడూ నోట రానీకు."

నాగమణి ముఖం మాడిపోయింది. తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. కొన్నాళ్లు మా వీధి తొక్కలేదు. పాతబడిన ఒక్క మాటకు ఇంత రాద్ధాంతమా అని నేను గొణిగితే అత్తకు వినబడలేదు. ఆమెకు చెవులు మందం. దూరం నుంచి గొంతు తెలుస్తుంది, రాగం తెలుస్తుంది, మాటలు పోల్చుకోలేదు. కోపం వచ్చినప్పుడు నాకది వీలుగానే ఉండేది. ఆ చెవుడు ఒకరోజు నా పాలిట ఏమవుతుందో అప్పటికి తెలియదు.

ఆ రోజు సోమవారం. పేటలో ఆడవాళ్లంతా హరిశ్చంద్రపురం పెళ్లికి వెళ్లిపోయారు. ఆదివారం మేము పిక్కలు ముట్టం కాబట్టి నిన్నటి రాలు కూడా చెట్ల కిందే ఉంది. పొద్దున్నే ఆకాశం మబ్బు పట్టింది. తడిస్తే పిక్క నల్లబడిపోతుందని అత్తకు కాలు నిలవలేదు.

"మనిద్దరం సాలు. నాను ఏరతాను, నువ్వు టారీ ఉండు" అంది.

"రేపు అందరితో ఎల్దాం అత్తా."

"రేపటికి వాన ఊరుకుంతాదేటి?"

ఇక నా మాట సాగలేదు. గండి దగ్గర సిమెంటు స్తంభం ఉంది. వెనక పేటకు వెళ్లే ఇసుక బాట. ముందు తోట, తోటలోకి సన్నటి కాలిదారి. అత్త తన ఫోను తీసి నా చేతిసంచిలో పడేసింది, వంగినప్పుడు జారిపోతుందని. తర్వాత నా మణికట్టు పట్టుకుంది.

"టారీ ఉంతావా?"

చేయి వణికింది. నేను గమనించడం అదే మొదటిసారి. ఎలుగుల మాట ఎత్తితే నవ్వే మనిషి, బైరాగి మావను ఎలుగు చీరిన రోజు ఆయన చెంపకు గుడ్డ అదిమిపెట్టిన మనిషి, ఆమెకూ భయమే. తోటలోకి దిగిన ప్రతిసారీ ఈ భయంతోనే దిగుతోందన్నమాట. నాకు ఆమె మీద కోపం పోయి జాలేసింది.

"టారీ ఉన్నాను" అన్నాను.

అత్త సముద్రం వైపు చెట్ల కిందికి వెళ్లిపోయింది. అటు రాలు ఎక్కువ. నేను పాట ఎత్తుకున్నాను. నా గొంతు బాగుండదు. ఆదివారం ప్రార్థనలో నా పక్కన నిలబడ్డవాళ్లు ఓ అడుగు జరుగుతారు. అయినా తోటకు గొంతు బాగోగులతో పనిలేదు.

రెండో పాటలో ఉండగా ఎండు జీడాకులు చప్పుడయ్యాయి. అత్త అప్పుడే వచ్చేస్తోందా అనుకున్నాను. కొమ్మ పక్కకు జరిగింది. నల్లగా ఉంది. మేకేమో అనుకుందామని చూశాను, నిజంగా ప్రయత్నించాను. దాని వీపు మీద ఇంకో చిన్న నలుపు వేలాడుతోంది. వెనక ఇంకొకటి దొర్లుకుంటూ వస్తోంది. తల్లి ఎలుగు. రెండు పిల్లలు.

అది మొదటి పెద్ద చెట్టు కింద, సరిగ్గా కాలిదారి మీద కూర్చుంది. నాకూ దానికీ మధ్య మా వంటగది పట్టేంత జాగా ఉందేమో. పండ్లు ముందుకు లాక్కుని, పెదాలు చాచి జుర్రుకుంటోంది. ఆ గోళ్లు చూశాను. బైరాగి మావ ముఖం నా కళ్ల ముందుకు వచ్చింది.

పాట మధ్యలో గొంతు జీరపోయి తెగింది. ఎలుగు వెంటనే తల ఎత్తి నాకేసి చూసింది. ముక్కు పైకి పెట్టి గాలి పీల్చింది. పిల్ల వీపు దిగి దాని పొట్ట కిందికి దూరింది. నేను ఎలాగో గొంతు కలుపుకున్నాను. పాట మళ్లీ సాగింది. అది ఇంకాసేపు చూసి, తల దించుకుని పండు అందుకుంది. ఆపితే లేస్తుంది, పాడితే తింటుంది. నాకు అర్థమైంది అంతే.

నా వెనక బాట ఖాళీగా ఉంది. అడుగు వెనక్కి, మరో అడుగు వెనక్కి, తర్వాత పరుగు. పేట ఎంతో దూరం లేదు. నా కాళ్లు అటే చూస్తున్నాయి. సిగ్గేమీ లేదు, పారిపోవాలనే ఉంది. కానీ గొంతు ఆగిన మరుక్షణం లోపలున్న ముసలామె సంచి పారేసి, నాకేదో అయిందని ఈ దారినే పరుగెత్తుకొస్తుంది. తల వంచుకుని, చెవులు వినబడక, నేరుగా పిల్లలతో ఉన్న ఎలుగు మీదికి. సరే, ఆపకుండా పాడితే? సంచి నిండాక ఆమె ఈ గొంతునే పట్టుకుని ఈ దారినే వస్తుంది. పాడినా ఇక్కడికే రప్పిస్తాను, మానినా ఇక్కడికే రప్పిస్తాను.

అరవొచ్చు కదా అని మీరంటారు. పిల్లలున్న ఎలుగు ముందు నిలబడి అరిచే ధైర్యం మీకుంటే మీరే అరవండి. అరిచినా అత్తకు అందేది కేకే గానీ మాట కాదు. కేక వింటే ఆమె ఇంకా గట్టిగా పరుగెత్తుతుంది. అందుకని అదే రాగంలో మాటలు మార్చాను. "అత్తా ఇటు రాకు, ఎలుగుంది, అటే ఉండు" అని స్తుతిపాటలా పాడాను. చెవిటి మనిషికి అది వట్టి పాటే. మధ్యలో ఏడుపు కూడా వచ్చింది. అదే రాగంలో నీ పిక్కలు మండిపోను, నీ మొండితనం మండిపోను అని తిట్టాను కూడా. ఎలుగు తింటూనే ఉంది.

చేతిసంచిలోకి వేళ్లు పోనిచ్చాను. నా ఫోను బయటికి తీయడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. ప్రదీప్‌కు మెసేజి పంపాను. చూడలేదు. ఆటో నడిపేటప్పుడు తను ఫోను ముట్టడు, నేనే ఒట్టు పెట్టించాను. ఇంకెవరు? పేటంతా పెళ్లిలో ఉంది. తోటకు అవతల, సరుగుడు దాటితే ఉన్నది నాగమణి. పాడుతూ రాయడం చేతకాక, ఎలుగు ఫోటో తీసి పంపాను. దాని కింద ఎలాగో రెండు ముక్కలు కొట్టాను. "అత్త లోపల. నీ వైపు పిలువు." కాసేపటికి ఆమె చూసినట్టు ఫోనులో టిక్కు పడింది. జవాబు రాలేదు. చూసి ఊరుకుందా? ఆ రోజు మా అరుగు మీద పడ్డ మాట గుర్తొచ్చి ఊరుకుందా? ఊరుకుంటే తప్పు పట్టడానికి నాకేం హక్కు ఉంది?

నాకు వచ్చిన పాటలు అయిపోయాయి. మొదటి నుంచి మళ్లీ ఎత్తుకున్నాను. గొంతు గీసుకుపోతోంది. ఒక పిల్ల ఆడుకుంటూ నా వైపు వచ్చి, స్తంభానికి దగ్గరలో పడి ఉన్న పండును ముక్కుతో దొర్లించింది. నేను ఊపిరి బిగపట్టలేను, పాడాలి. తల్లి లేచి నిలబడింది. పిల్ల వెనక్కి వెళ్లాకే మళ్లీ కూర్చుంది.

అప్పటికి ఎండ మబ్బులోంచి కొంచెం తొంగి చూసింది, గాలి మళ్లి సముద్రం వైపు నుంచి వీచింది. ఆ గాలిలో ఒక గొంతు. మొదట వల లాగేవాళ్ల కేకలా అనిపించింది. రెండోసారికి మాట తెలిసింది.

"పిన్నీ... టారీ ఉన్నానూ... టారీ ఉన్నానూ..."

నాగమణి. ఆమెకు మా పాటలు రావు. మా వాటిలో ఆమెకు తెలిసింది ఆ ఒక్క మాటే. దాన్నే సాగదీసి, ఆపకుండా, తోట అంచుదాకా వచ్చి కేకలేస్తోంది.

ప్రాణం లేచొచ్చింది. వెంటనే మళ్లీ పోయింది. ఎందుకంటే నేను పాడుతూ ఉంటే అత్త నా దగ్గరికే వస్తుంది. ఎన్నో ఏళ్లుగా ఆమె వచ్చింది ఈ గండికే. ఆమె అటు వెళ్లాలంటే నేను ఆపాలి. నేను ఆపితే ఎలుగు లేస్తుంది. అంతేకాదు, నాకేదో అయిందనుకుని అత్త ఇటే పరుగెత్తవచ్చు. నాగమణి గొంతు ఆమెను ఆపుతుందా? ఆ మాట మీది కాదని చెప్పిన మనిషి, ఆ నోటి నుంచే వస్తే నమ్ముతుందా?

యేసయ్యా అనుకుని నోరు మూశాను.

ఎలుగు నమలడం ఆపింది. తల ఎత్తింది. ముందు కాళ్లు నేల మీంచి లేచాయి, మనిషిలా నిటారుగా నిలబడింది. అప్పుడే లోపలి నుంచి ఎండాకులు నలుగుతున్న చప్పుడు వినిపించింది. పరుగు. ముసలి కాళ్ల తడబడే పరుగు. నావైపే వస్తోంది.

అత్త వచ్చేస్తోంది. నేను చచ్చిపోయాననుకుని వచ్చేస్తోంది. ఎలుగు ఆ చప్పుడు వైపు తిరిగింది. నేను స్తంభాన్ని రెండు చేతులా పట్టుకున్నాను. వద్దత్తా, వద్దత్తా అని లోపల అరుస్తున్నాను, నోరు తెరవడం లేదు. తెరిస్తే ఆమె ఇంకా వేగంగా వస్తుంది. నా జీవితంలో అంత భయం అంతకుముందు లేదు. ఇక మీదట ఉండకూడదు.

"టారీ ఉన్నానూ... దయమ్మ పిన్నీ... టారీ ఉన్నానూ..."

ఆకుల చప్పుడు ఆగింది. ఎంతసేపు ఆగిందో చెప్పలేను. ఎలుగు అలాగే నిలబడి ఉంది. తర్వాత మళ్లీ ఆకులు కదిలాయి, మెల్లగా. దగ్గరవుతోందో దూరమవుతోందో మొదట తెలియలేదు. దూరమవుతోంది. అవును, దూరమే. ఆ చప్పుడు సన్నబడి గాలిలో కలిసిపోయింది.

ఎలుగు కాళ్లు దించింది. బుస్సుమని ఒక శబ్దం చేసి నాకేసి రెండు అడుగులు వేసింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి పిల్లలు దాని వీపు మీద ఉన్నాయి, అది మొగలి పొదల వైపు వెళ్తోంది. ఏదో పని గుర్తొచ్చినట్టు, తొందర లేకుండా.

నేను కదలలేదు. కదలడం చేతకాలేదు. సముద్రం వైపు నుంచి ఇంకో గొంతు వచ్చింది. పాట. పగిలిన గొంతు, శ్రుతి లేదు. మా అత్త పాడుతోంది. ఆమె బయటపడింది. ఇప్పుడు తోటలో ఉన్నది నేను, టారీ ఉన్నది ఆమె. అప్పుడు ఏడ్చాను. ఒక మనిషి నా కోసం అక్కడ నిలబడి ఉంది, నేను కనబడేదాకా ఆపదు అని తెలిస్తే మోకాళ్లకు బలం ఎలా వస్తుందో ఆ రోజే తెలిసింది.

తోటలోంచి కాదు, బాట పట్టుకుని చుట్టూ తిరిగి రోడ్డెక్కి, ఒడ్డుదాకా పరుగెత్తాను. ప్రతి పొదా ఎలుగులాగే కనబడింది. సరుగుడు చెట్ల చివర ఇసుకలో అత్త నిలబడి పాడుతోంది. సంచి లేదు, ఒక కాలికి చెప్పు లేదు, ముంజేతులు కొమ్మలు గీరి ఎర్రగా ఉన్నాయి. నాగమణి ఆమె భుజాలు పట్టుకుని ఉంది. నన్ను చూసినా అత్త ఆపలేదు. దగ్గరికి వెళ్తే నా ముఖం రెండు చేతులతో తడిమి, చెంపలు రెండూ ఉన్నాయని చూసుకుని, అప్పుడు ఆపింది.

"గొంతెందుకు ఆపీసినావే? నీ పనైపోనాదనుకున్నాను. గండికే బయల్దేరినాను" అంది.

"మరి ఆగినావేటి అత్తా?" అని చెవి దగ్గర అరిచాను.

"ఎనకనుంచి ఆ మాట ఇనబడ్డాది." కాసేపు ఊపిరి తీసుకుంది. "నా సెవికి దూరం మాటలు అందవు గానీ, సిన్నప్పట్నుంచీ ఇన్న మాట, అదే పనిగా సాగదీసి అంతంటే తెలిసిపోనాది. పాట నేదు, ఏటీ నేదు, మాటొక్కటే. ఎవులో నా కోసం నిలబడ్డారు. ఆ మాటని అబద్దం ఆడీవోల్లు ఉండరనుకున్నాను. ఎల్లినాను. సూత్తే నాగమణి."

నాగమణి తల దించుకుంది. "ఏటనాలో నాకు తోసనేదు పిన్నీ. తిడతావని బయం కూడా ఏసినాది."

నేను నాగమణిని కౌగిలించుకున్నాను. ఆమె నన్ను పట్టుకునే ఉంది గానీ ముఖం నా భుజం మీంచి నీళ్లవైపు తిరిగి ఉంది. ఒడ్డున పడవలన్నీ పైకి లాగేసి ఉన్నాయి. వలలు ఆరబెట్టేశారు. ఒక పడవ జాగా ఖాళీగా ఉంది.

"ఢిల్లీబాబు అన్నయ్యేడి?" అన్నాను.

"అందరివీ పొద్దున్నే వొచ్చీసినాయి. ఆడిది నేదు. ఇంజనుకి ఏటైనాదో ఏటో. ఫోను అందటం నేదు. పెద్దోల్లు రెండు పడవలేసుకుని ఎతకడానికి ఎల్లినారు." చేత్తో నీళ్లవైపు చూపించింది. "నీల్లంచున నిలబడి సూత్తన్నాను. అప్పుడు నువ్వా బొమ్మ పంపినావు."

"మరి ఇలగ వచ్చీసినావేటి వదినా!"

"ఎలుగు బొమ్మ పంపి, అత్త లోపలుంది అంతే ఏటి సెయ్యమంతావు?"

నా కళ్లలోకి చూడకుండా అంది. పొద్దున్నుంచీ మొగుడి కోసం చచ్చిపోతూ నిలబడ్డ మనిషి, ఆ చోటు వదిలేసి, ఒకప్పుడు ముఖం మీద కొట్టినట్టు మాట్లాడిన ముసలామె కోసం తోటకు వచ్చి కేకలేసింది. అత్తకు ఇదంతా వినబడలేదు. ఏమంటోంది అని నన్ను పొడిచింది. చెవిలో చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, రెండోసారి నా గొంతు పూర్తిగా పోయింది.

అత్త ఖాళీగా ఉన్న పడవ జాగాకేసి చూసింది. "మీవోల్లు ఏటకి ఎల్తే మీరు ఎవుల్ని టారీ ఉండమంతారు?" అని నాగమణిని అడిగింది.

"మాకెవులుంతారు పిన్నీ. మాకు మేమే."

అత్త రెండో కాలి చెప్పు కూడా విడిచేసింది. ఇసుకలో తడబడుతూ అల తాకే చోటికి నడిచింది. మేమిద్దరం వెంట వెళ్లాం. అక్కడ నిలబడి నాగమణి మణికట్టు పట్టుకుంది. ఈసారి వణికింది అత్త చేయి కాదు, నాగమణిది.

"టారీ ఉన్నాను" అంది మా అత్త.

"అది మా మాట కాదన్నావు కదా పిన్నీ."

"బుద్ది నేక అన్నాను" అని, సముద్రం వైపు తిరిగి పాట ఎత్తుకుంది.

నాగమణి ఇసుకలో కూలబడింది. పొద్దున్నుంచి కూర్చోవడం అదే మొదటిసారి అని తర్వాత చెప్పింది. ఆమె తల నా ఒళ్లో పెట్టుకున్నాను. నీళ్ల మీద ఎక్కడా ఏమీ కనబడడం లేదు. నాకు మళ్లీ భయం మొదలైంది, పొద్దున్నటికంటే తక్కువేమీ కాదు. మా అత్త గొంతు మొదటి పాటకే బొంగురుపోయింది. తోటలో అంతసేపు వంగి, పరుగెత్తి వచ్చిన మనిషి, ఎంతసేపు పాడుతుంది? నాగమణి తలను మెల్లగా ఇసుక మీదికి దించి లేచాను. అత్త పక్కకు వెళ్లి నిలబడ్డాను.

నాకు మిగిలింది గొంతు కాదు, గాలి. ఆ గాలితోనే అన్నాను.

"టారీ ఉన్నాను."

అత్త నాకేసి ఒకసారి చూసింది. నేను పాట అందుకున్నాకే ఆపింది.